కణంలో సరుకు ఎలా కదులుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

బైపీసీ చదివినవాళ్లకి గాల్జీ సంక్లిష్టం బొమ్మ గుర్తుండే ఉంటుంది. కణంలో తయారైన ప్రోటీన్లు బయటికి పోయే దారిలో ఒక మజిలీ అది. ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్లలా ఉంటుంది, అంచుల దగ్గర నాలుగైదు చుక్కలు. అట్లకి పేరు రాస్తే మార్కులు పడతాయి. చుక్కల్ని ఎవరూ పట్టించుకోరు. ఈ పేజీ ఆ చుక్కల గురించి. షుగర్ మాత్ర, ధనుర్వాతం ఇంజెక్షన్, కట్లపాము కాటు, బొటాక్స్, కొలెస్ట్రాల్, చివరికి మజ్జిగ చెంబు కూడా వీటి దగ్గరికే వస్తాయి. పిల్లలూ పెద్దవాళ్లూ నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలు ఇవి. వరస పాటించక్కర్లేదు, కావలసిన చోట మొదలుపెట్టండి.

ఆ చుక్కలంటే అసలు ఏమిటి?

సంచులు. కణం తయారుచేసిన సరుకు, ఎక్కువగా ప్రోటీన్లు, వీటిలోనే కదులుతుంది. పుస్తకాల్లో వెసికిల్స్ అంటారు. నాకు తిత్తి అనే మాట ఇష్టం. ఊపిరితిత్తిలో, కొలిమి తిత్తిలో ఉన్న తిత్తే ఇది. కణం చుట్టూ ఎలాంటి పొర ఉందో తిత్తికీ అలాంటి పొరే: రెండు వరసల కొవ్వు అణువులు, వాటిలో అక్కడక్కడా దిగబడ్డ ప్రోటీన్లు. నాడి చివర ఉండే తిత్తులు 40 నానోమీటర్లు ఉంటాయి. ఈ పేజీలో వచ్చే మిగతావి చాలావరకు 60 నుంచి 100 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో ఇలాంటివి ఓ వెయ్యి వరసగా పడతాయి. కాలేజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపుకి ఇవి దొరకవు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చేదాకా ఎవరికీ సరిగ్గా కనపడలేదు.

ఇంత తతంగం ఎందుకు? కణం తలుపు తీసి సరుకు బయటికి వదిలేయొచ్చుగా?

తలుపు తీస్తే కణం బతకదు. కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. ప్రోటీన్ పట్టేంత కన్నం పెడితే ఆ కాల్షియమంతా లోపలికి దూసుకొస్తుంది. అందుకని కన్నం పెట్టకుండా బయటికి పంపే ఉపాయం కావాలి.

రెండు సబ్బు బుడగలు తాకి ఒకటైపోవడం చూసే ఉంటారు. తిత్తి కూడా అలాగే కణం పైపొరని తాకి అందులో కలిసిపోతుంది. తిత్తి లోపల ఉన్నది కణం బయట పడుతుంది. ఎక్కడా పొర చిరగలేదు, కన్నం పడలేదు. దీన్నే ఎక్సోసైటాసిస్ అంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తిత్తి లోపలిది చివరికి బయట పడుతుందంటే, తిత్తి లోపలి చోటు మొదటినుంచీ కణానికి ‘బయటే’ అన్నమాట. చూడ్డానికి కణం మధ్యలో ఉంటుంది, లెక్కకి మాత్రం బయటే. నిజంగా పొర దాటడం ఒక్కసారే జరుగుతుంది, అదీ ప్రోటీన్ తయారవుతున్నప్పుడే. ఆ తరవాతదంతా ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి మారడమే. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా పాఠం సగం తేలికైపోతుంది.

ఏది ఎక్కడికి పోవాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఎవరూ నిర్ణయించరు. అందరూ పోస్టాఫీసు పోలిక చెబుతారు, నేనూ చాలా ఏళ్లు చెప్పాను. ఇప్పుడు మానేశాను. పోస్టాఫీసులో అడ్రసు చదివే మనిషి ఉంటాడు. కణంలో చదివేవాడు లేడు. ఒక అణువు ఆకారం ఇంకో అణువు గుంటలో కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు. తాళం చెవిని తాళం ‘చదవదు’ కదా.

ఇన్సులిన్‌నే తీసుకోండి. క్లోమంలోని బీటా కణంలో అది మొదట 110 అమైనో ఆమ్లాల పొడుగు గొలుసుగా మొదలవుతుంది. మొదటి 24 దాని చీటీ. ప్రోటీన్ తయారుచేసే యంత్రమైన రైబోజోమ్‌లోంచి ఆ చీటీ బయటికి తొంగిచూడగానే ఒక రేణువు వచ్చి పట్టుకుని, మొత్తం రైబోజోమ్‌ని అంతర్జీవ ద్రవ్యజాలం దగ్గరికి తీసుకెళ్తుంది. కణం లోపలి పొరల వల అది. ఆ పేరు మరీ పొడుగు, ఇకనుంచి ఇంగ్లీషు పొట్టి పేరుతో ఈఆర్ అందాం. గొలుసు ఈఆర్ లోపలికి దిగుతుంది, చీటీని కత్తిరించేస్తారు. పైన చెప్పిన ‘ఒక్కసారి పొర దాటడం’ ఇదే. ప్రోటీన్‌లోనే దాని చిరునామా ఉంటుందని చూపించినందుకు గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది.

అన్ని చీటీలూ ఒకలా ఉండవు. ఈఆర్‌లోనే ఉండిపోవాల్సిన ప్రోటీన్ల తోకకి నాలుగు అమైనో ఆమ్లాలుంటాయి, వాటి అక్షరాలు కె, డి, ఇ, ఎల్. ఇలాంటివి పొరపాటున గాల్జీకి వెళ్లిపోయినా ఆ తోకని పట్టుకునే రిసెప్టర్ ఒకటి వెనక్కి లాక్కొస్తుంది. కణంలో చెత్త అరిగించే సంచి లైసోజోమ్. దానికి పోవాల్సిన ఎంజైములకి తగిలించే చీటీ ప్రోటీనే కాదు, ఫాస్ఫేట్ అంటించిన మానోజ్ అనే చక్కెర.

ఆ చక్కెర చీటీ అంటించే ఎంజైమే లేకపోతే? ఐ-సెల్ వ్యాధి అనే అరుదైన జబ్బుతో పుట్టిన పిల్లల్లో అదే జరుగుతుంది. లైసోజోమ్ ఎంజైములన్నీ చక్కగా తయారవుతాయి, పని కూడా చేస్తాయి. కానీ చీటీ లేదు కనక లైసోజోమ్‌కి పోకుండా కణం బయటికి, రక్తంలోకి వెళ్లిపోతాయి. ఇక్కడ లైసోజోమ్‌లో అరగాల్సిన చెత్త అరక్క పేరుకుపోతుంది. ఎంజైమ్ ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. కణానికి ఈ రెంటికీ తేడా లేదు.

తిత్తి ఎలా పుడుతుంది?

పొర దానంతటది గుండ్రంగా వంగదు, ఎవరో వంచాలి. కొన్ని ప్రోటీన్లు పొరకి కణద్రవం వైపున ఒకదానికొకటి అల్లుకుని బుట్టలా ఏర్పడి పొరని లాగుతాయి. వీటిలో క్లాత్రిన్ ప్రసిద్ధం. బార్బరా పియర్స్ 1970ల్లో దాన్ని విడదీసి పేరు పెట్టారు. మూడు కాళ్ల ముక్కలు అల్లుకుంటే బుట్ట తయారవుతుంది. చీటీ పట్టుకున్న రిసెప్టర్లు ఆ బుట్ట కిందకే చేరతాయి కాబట్టి సరుకు ఏరడం, సంచి కట్టడం ఒకేసారి అయిపోతాయి. చివర్లో సంచి మెడని బిగించి తెంపేది డైనమిన్.

డైనమిన్ చెడితే ఏమవుతుందో చూపించిన ఒక ఈగ ఉంది, పండ్ల మీద వాలే చిన్న ఈగే. షిబిరే అనే ఆ రకంలో డైనమిన్ వేడికి ఓర్చుకోలేదు. కాస్త వేడి తగిలితే ఈగ కదలకుండా పడిపోతుంది, చల్లబరిస్తే లేచి ఎగిరిపోతుంది. పడిపోయినప్పుడు నాడి చివర చూస్తే, సంచులు సగం ఏర్పడి మెడ తెగక అలాగే వేలాడుతుంటాయి. వాడిన తిత్తుల్ని తిరిగి లోపలికి లాక్కోలేక నాడి ఖాళీ అయిపోయిందన్నమాట.

కాప్-1, కాప్-2 తేడా గుర్తుండట్లేదు. చిట్కా ఉందా?

రెండు ముందుకి, ఒకటి వెనక్కి. కాప్-2 తొడుగు ఉన్నవి ఈఆర్ నుంచి గాల్జీకి, కాప్-1 ఉన్నవి గాల్జీ నుంచి ఈఆర్‌కి. పరీక్షకి ఇది చాలు.

తిత్తి తేలుకుంటూ పోతుందా, ఎవరైనా మోస్తారా?

దగ్గరదైతే ఎలాగో చేరుతుంది. దూరమైతే మోయాల్సిందే. వెన్నుపాములో ఉన్న ఒక నాడీకణం తోక పాదం దాకా ఉంటుంది, పొడుగు మనిషికి దాదాపు ఒక మీటరు. సరుకు తయారయ్యేది వెన్నుపాములో, కావలసింది కాలివేలి దగ్గర. మధ్యలో సూక్ష్మనాళికలనే పట్టాలుంటాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రోటీన్ రెండు కాళ్లతో నడుస్తుంది, వీపున తిత్తి. దీన్ని 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడిలో కనుక్కున్నారు. అడుగుకి 8 నానోమీటర్లు, అడుక్కో ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) ఖర్చు. మీటరు దూరానికి 12.5 కోట్ల అడుగులు! ఒక్క మోటారే అంత దూరం నడవదు, దార్లో ఎన్నో మారతాయి. ఈ రవాణా రోజుకి 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది. అంటే వెన్నులో బయల్దేరిన సంచి పాదం చేరడానికి రెండున్నర రోజులు. తిరుగు ప్రయాణానికి డైనీన్ అనే వేరే మోటారు ఉంది. ధనుర్వాతం దగ్గర దీనితో పని పడుతుంది, గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు, అడుగడుక్కీ ఖర్చయ్యే ఆ ఏటీపీని కనుక్కున్నవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలోంచి దాన్ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు.

ఇన్ని పొరలుంటే తిత్తి సరైన పొరనే ఎలా పట్టుకుంటుంది?

రెండు దశల్లో. ముందు దూరం నుంచి పోల్చుకోవడం. రాబ్ అనే చిన్న ప్రోటీన్లు మనుషుల్లో అరవైకి పైగా రకాలున్నాయి. ఒక్కో తిత్తి మీద ఒక్కో రకం. అవతలి పొర మీద దానికి తగిన పొడుగాటి కొక్కెం ఉంటే అందుకుని దగ్గరికి లాగుతుంది.

తరవాత అసలు కలయిక. దీన్ని చేసేవి స్నేర్ ప్రోటీన్లు. నాడి చివర జరిగేది చెబుతాను. తిత్తి మీద సినాప్టోబ్రెవిన్, అవతలి పొర మీద సింటాక్సిన్, స్నాప్-25. మొదటి రెండూ తలో పాయ ఇస్తాయి, స్నాప్-25 రెండు పాయలిస్తుంది. మొత్తం నాలుగు పాయల జడ. ఈ జడ పొరలకి దూరంగా ఉన్న కొసన మొదలై పొరల వైపుకి బిగుస్తూ వస్తుంది. బిగిసేకొద్దీ రెండు పొరలూ దగ్గరకి లాగబడి, మధ్యలో నీళ్లు కూడా నిలవలేనంత దగ్గరై, చివరికి కలిసిపోతాయి.

జడ పడ్డాక దానంతటది విడిపోదు, అంత గట్టిది. విప్పడానికి ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఏటీపీ ఖర్చుపెట్టాలి. చాలామంది కలవడానికే శక్తి ఖర్చవుతుందనుకుంటారు. అసలు ఖర్చు విప్పి మళ్లీ వాడుకోవడానికే.

ఇదంతా ఎవరు, ఎలా కనుక్కున్నారు?

1898లో కమిల్లో గాల్జీ గుడ్లగూబ మెదడు కణాలకి రంగు వేసి లోపల వలలాంటిది చూశాడు. అది నిజంగా ఉందా, రంగు వల్ల ఏర్పడ్డ మరకా అని అర్ధశతాబ్దం పాటు వాదులాడుకున్నారు. 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ గొడవ తీర్చింది.

దారి ఏమిటో చూపించినవాడు జార్జ్ పలాడే. జేమీసన్‌తో కలిసి గినీపిగ్ క్లోమం ముక్కలకి రేడియోధార్మిక లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని 3 నిమిషాలు మాత్రమే తినిపించాడు, తరవాత మామూలు లూసిన్. ఆ 3 నిమిషాల్లో తయారైన ప్రోటీన్లకే గుర్తు పడుతుంది. కాసేపటికోసారి చూస్తూ పోయారు. గుర్తు ముందు ఈఆర్‌లో, తరవాత గాల్జీ వైపు, 2 గంటలకి బయటికి పోవడానికి సిద్ధంగా ఉన్న రేణువుల్లో కనపడింది. పెద్ద యంత్రాంగమేం కాదు, ‘ఎప్పుడు ఎక్కడుంది’ అనే ప్రశ్నని ఓపిగ్గా అడగడమే. ఆయనకి 1974లో నోబెల్ వచ్చింది.

దారి తెలిసింది. నడిపేవి ఏవి? ఇక్కడ ముగ్గురు మూడు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి ఒకే చోట కలిశారు. నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే ఇష్టమైన ఘట్టం లేదు.

రాండీ షెక్మన్ బర్క్‌లీలో ఈస్ట్ పట్టుకున్నాడు. రొట్టె పొంగించే ఈస్టే. మెదడు జబ్బులతో దీనికేం సంబంధమని అడిగేవాళ్లు అప్పట్లో ఉండే ఉంటారు. ఆయన, విద్యార్థి పీటర్ నోవిక్ కలిసి 24 డిగ్రీల దగ్గర మామూలుగా ఉండి, 37 డిగ్రీల దగ్గర స్రావం ఆగిపోయే ఈస్ట్‌లని వెతికారు. స్రావం ఆగితే లోపల తయారైనది లోపలే పేరుకుని కణం సాంద్రత పెరుగుతుంది, అప్పుడు బరువైనవాటిని తేలిగ్గా వేరుచేయొచ్చు. 1980 నాటికి 23 జన్యువులు దొరికాయి. ఒక్కో జన్యువు చెడితే సరుకు ఒక్కో మజిలీలో ఆగిపోయేది.

జేమ్స్ రాత్‌మన్ అసలు కణాన్నే పక్కన పెట్టేశాడు. కణాల్ని పగలగొట్టి, గాల్జీ ముక్కల్ని పరీక్షనాళికలో వేసి, రవాణా అక్కడ జరిగేలా చేశాడు. కణం లేకుండా కణం పనేమిటని తోటివాళ్లు నమ్మలేదు. జరిగింది. ఒక రసాయనం వేస్తే ఆగిపోయింది. ఆ రసాయనం చెడగొట్టిన ప్రోటీన్ ఏమిటో వెతికి పట్టుకున్నాడు. పైన జడ విప్పుతుందన్న ఎన్‌ఎస్‌ఎఫ్ అదే. తీరా చూస్తే షెక్మన్ ఈస్ట్‌లో ఉన్న సెక్-18 అనే జన్యువు తయారుచేసేది కూడా దాన్నే! పులిసే పిండిలోనూ మన మెదడులోనూ ఒకే పరికరం. 1993లో రాత్‌మన్ బృందం ఆవు మెదడులోంచి స్నేర్‌లని తీసింది.

థామస్ సూడాఫ్ ప్రశ్న వేరు: ఎప్పుడు? నాడి చివర తిత్తులు పొరకి ఆనుకుని సిద్ధంగా ఉంటాయి, కానీ సంకేతం వచ్చేదాకా కలవవు. కాల్షియం లోపలికి రాగానే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా కలిసిపోతాయి. ఆ కాల్షియాన్ని గుర్తించేది సినాప్టోటాగ్మిన్ అని ఆయన చూపించాడు. ముగ్గురికీ కలిపి 2013లో నోబెల్ ఇచ్చారు.

షుగర్ మాత్రకీ దీనికీ సంబంధం ఉందంటారు. ఏమిటది?

అన్ని మాత్రలకీ కాదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివాటికి సంబంధముంది. మెట్‌ఫార్మిన్‌ది వేరే దారి.

బీటా కణంలో ఇన్సులిన్ రేణువులు, అంటే ఇన్సులిన్ నిండిన తిత్తులు, సుమారు 10,000 ఉంటాయి. ఒక్కోదాంట్లో ఇన్సులిన్ జింకుతో కలిసి స్ఫటికంలా గట్టిపడి ఉంటుంది. మనం అన్నం తిన్నాక గ్లూకోజు ఆ కణంలోకి వెళ్లి, మండి, ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే పొర మీద ఒక పొటాషియం ద్వారం మూసుకుంటుంది. దానివల్ల విద్యుత్ తేడా మారి కాల్షియం ద్వారం తెరుచుకుంటుంది. కాల్షియం వచ్చింది, జడ బిగిసింది, రేణువు బయట పడింది. అన్నింటికంటే ముందు పొరకి ఆనుకుని సిద్ధంగా ఉన్న కొన్నే పోతాయి, ఓ పది నిమిషాల జోరు. తరవాత వెనకవి మెల్లగా వస్తుంటాయి. టైప్-2 షుగర్‌లో ముందుగా దెబ్బతినేవాటిలో ఆ మొదటి జోరు ఒకటి.

ఇప్పుడు మాత్ర సంగతి. గ్లిమెపిరైడ్ నేరుగా ఆ పొటాషియం ద్వారాన్నే మూసేస్తుంది. గ్లూకోజు ఉందా లేదా అని చూడదు. అందుకే మాత్ర వేసుకుని, పెళ్లి హడావుడిలోనో ఉపవాసమనో తిండి మానేస్తే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి. డాక్టరు ‘మాత్ర వేసుకుంటే తినాల్సిందే’ అనేది ఇందుకే. మోతాదు సంగతి మాత్రం డాక్టరునే అడగండి.

సి-పెప్టైడ్ టెస్టు గురించి కూడా అడుగుతుంటారు. ఇన్సులిన్ రేణువులో తయారవుతున్నప్పుడు గొలుసు మధ్య ముక్క ఒకటి తెగిపోతుంది. అదే సి-పెప్టైడ్. ఇన్సులిన్ ఎన్ని అణువులు బయటికొస్తే ఇదీ అన్నే వస్తుంది. ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో ఇది ఉండదు. కాబట్టి దీన్ని కొలిస్తే మీ క్లోమం సొంతంగా ఎంత తయారుచేస్తోందో తెలుస్తుంది.

భోజనం తరవాత నడిస్తే షుగర్ తగ్గడం కూడా ఈ తిత్తుల వల్లేనా?

చాలావరకు అవును. కండరంలో గ్లూకోజు లోపలికి రావడానికి గ్లూట్-4 అనే ద్వారాలు కావాలి. ఊరికే ఉన్నప్పుడు అవి లోపల తిత్తుల్లో దాక్కుని ఉంటాయి. ఇన్సులిన్ తగిలితే ఆ తిత్తులు పైపొరలో కలిసి ద్వారాలు బయటపడతాయి. కండరం పనిచేస్తే కూడా అదే జరుగుతుంది, ఇన్సులిన్ పిలుపుతో పనిలేకుండానే. ఇన్సులిన్ మాట వినని కండరం కూడా నడక మాట వింటుంది.

ధనుర్వాతానికీ, బొటాక్స్‌కీ ఒకే విషమా?

ఒకే విషం కాదు, కానీ దగ్గరి చుట్టాలు. రెండూ క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియాలు తయారుచేసే కత్తెరలు. రెండూ ఆ నాలుగు పాయల జడలో ఏదో ఒక పాయని కత్తిరిస్తాయి. బొటాక్స్‌లో వాడే ఎ-రకం బొటులినం విషం స్నాప్-25ని కోస్తుంది. బి-రకం బొటులినం సినాప్టోబ్రెవిన్‌ని కోస్తుంది. ధనుర్వాత విషం కూడా సినాప్టోబ్రెవిన్‌నే, సరిగ్గా అదే చోట కోస్తుంది.

మరి ఒకటి కండరాన్ని వాలిపోయేలా చేస్తే, ఇంకొకటి విల్లులా ఎందుకు వంచేస్తుంది? కోత ఒకటే అయినా కోసే చోటు వేరు. బొటులినం కండరం దగ్గరున్న నాడి చివరే ఆగిపోతుంది. అక్కడ తిత్తులు కలవకపోతే కండరానికి ఆజ్ఞ అందదు, సడలిపోతుంది. నుదుటి ముడతలు పోయేది అందుకే, మూడు నాలుగు నెలల్లో మళ్లీ వచ్చేదీ కొత్త ప్రోటీన్ తయారవుతుంది కనకే. పాడైన డబ్బా ఆహారం ద్వారా ఒంట్లోకి వెళ్తే ఊపిరి కండరాలే వాలిపోతాయి.

ధనుర్వాత విషం నాడి చివర ఆగదు. తిత్తిలో కూచుని, ఇందాక చెప్పిన డైనీన్ మోటారు మీద ఎదురు ప్రయాణం చేసి వెన్నుపాముకి చేరుతుంది. అక్కడ కండరాల్ని ‘ఆగు’ అని అదుపులో పెట్టే నాడీకణాల్లోకి దూరి వాటి తిత్తుల్ని ఆపేస్తుంది. ‘ఆగు’ అనేవాడు లేకపోతే ప్రతి కండరమూ పూర్తి బలంతో బిగుసుకుంటుంది. దవడ పట్టేస్తుంది. వీపు కండరాలు బలమైనవి కనక ఒళ్లు వెనక్కి ధనుస్సులా వంగుతుంది. మన భాషలో ఆ జబ్బుకి పేరు పెట్టినవాళ్లకి స్నేర్ తెలియదు, బాక్టీరియా తెలియదు. చూసింది చూసినట్టు పేరు పెట్టారు.

కత్తెర నాడిలోకి దూరాక ఏ మందూ దాన్ని అందుకోలేదు. యాంటీటాక్సిన్ ఇంకా బయట తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే టీకాకి అంత ప్రాధాన్యం. ఒకప్పుడు బొడ్డుతాడుని శుభ్రంగా లేని బ్లేడుతో కోసి ఎంతోమంది పసివాళ్లు ఈ జబ్బుతో పోయారు. గర్భిణులకి టీటీ ఇంజెక్షన్లు, ఆసుపత్రి కాన్పులు ఆ పరిస్థితిని మార్చాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారత్‌కి 2015లో గుర్తింపు వచ్చింది. ఆ పరీక్షకి నిలిచిన మొదటి రాష్ట్రం 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్.

కట్లపాము కాటుకి వెంటిలేటర్ మీద అన్ని రోజులు ఎందుకు ఉంచుతారు?

నాగుపాము విషం ప్రధానంగా నాడికి అవతల, కండరం మీదున్న రిసెప్టర్లని మూసేస్తుంది. తిత్తులు మామూలుగానే తెరుచుకుంటున్నాయి, వినేవాడి చెవులు మూశారంతే. యాంటీవెనమ్, నియోస్టిగ్మిన్ లాంటి మందులతో తేరుకోవచ్చు.

కట్లపాము విషం నాడి చివరనే పాడుచేస్తుంది. ఉన్న తిత్తులు ఖాళీ అయిపోతాయి, చివరలు దెబ్బతింటాయి. యాంటీవెనమ్ తిరుగుతున్న విషాన్ని ఆపుతుంది కానీ పాడైన నాడి చివరని తిరిగి కట్టలేదు. అది మళ్లీ పెరగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఊపిరి యంత్రం ఇవ్వాలి. ఇది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, కాటు నొప్పి పెద్దగా తెలియదు కూడా. పొద్దున్నే కనురెప్పలు వాలిపోతున్నాయంటే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే పరిగెత్తాలి. మంత్రం దగ్గర పోగొట్టిన గంట తిరిగి రాదు.

కణం వదలడమేనా, బయటివి తీసుకోవడం కూడా ఉందా?

ఉంది. పైపొర లోపలికి గుంటపడి సంచిగా తెగుతుంది. దీని పేరు ఎండోసైటాసిస్. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ రక్తంలోంచి పోయేది ఈ దారినే. కాలేయ కణం మీది రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ని పట్టుకుని క్లాత్రిన్ గుంటలో దిగి, లోపల వదిలేసి, ఖాళీగా పైకి వస్తుంది. ఒక్కో విడతకి సుమారు 10 నిమిషాలు. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ దీన్ని కనుక్కుని 1985లో నోబెల్ అందుకున్నారు. వాళ్లు చూసిన ఒక రోగి కణాల మీద రిసెప్టర్ ఉంది, ఎల్‌డీఎల్‌ని పట్టుకుంటోంది, కానీ లోపలికి దిగట్లేదు. తోకలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, క్లాత్రిన్ బుట్టకి అందట్లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఈ రిసెప్టర్ల సంఖ్య పెరిగేలా చేస్తాయి.

క్షయ బాక్టీరియా కూడా ఈ దారినే లోపలికి వస్తుంది. తెల్లకణం దాన్ని మింగి సంచిలో పెడుతుంది. ఆ సంచి లైసోజోమ్‌తో కలిస్తే బాక్టీరియా అరిగిపోవాలి. కానీ కలవనివ్వదు. సంచిలోనే కాపురం పెడుతుంది.

సరుకు వెనక్కి నడిచే దారిలో శత్రువు రాలేడా?

వస్తాడు. కలరా విషం అదే చేస్తుంది. కలరా బాక్టీరియా వదిలే విషమే జబ్బుకి కారణమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించారు. ఆయనకి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ఆ విషం పేగు కణంలోకి దిగి, గాల్జీ మీదుగా ఈఆర్‌కి ఎదురు నడుస్తుంది. ఎలాగంటే, దాని తోకకి కె, డి, ఇ, ఎల్ అనే నాలుగక్షరాలున్నాయి. ఈఆర్ ఉద్యోగుల గుర్తింపు కార్డు దొంగది సంపాదించిందన్నమాట. అక్కడినుంచి పొర దాటి కణద్రవంలోకి జారుకుంటుంది.

ఎక్సోజోమ్ క్రీములు, ఇంజెక్షన్లు వాడొచ్చా?

ఎక్సోజోమ్‌లు నిజమైనవే. కణం బయటికి వదిలే 30 నుంచి 150 నానోమీటర్ల తిత్తులు, లోపల ఆర్ఎన్ఏ, ప్రోటీన్లు ఉంటాయి. 1983లో ఎదుగుతున్న ఎర్రకణాల్లో చూసినప్పుడు చెత్త పారేసే సంచులనుకున్నారు. ఇప్పుడు పరిశోధన జోరుగా ఉంది. కానీ పరిశోధన ఉండటం వేరు, సీసాలో పోసి అమ్మడం వేరు. వీటితో చికిత్స తీసుకున్నవాళ్లకి ఇబ్బందులు రావడంతో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది. నా డబ్బుతో నేనైతే కొనను.

పాలు కూడా ఇలాగే బయటికి వస్తాయా?

ప్రోటీన్ ఇలాగే వస్తుంది. పొదుగు కణంలో కేసిన్ ఈఆర్, గాల్జీ దాటి తిత్తుల్లో ప్రయాణం చేసి ఎక్సోసైటాసిస్‌తో బయట పడుతుంది. పాలలోని చక్కెర లాక్టోజు గాల్జీలోనే తయారై నీళ్లని లాక్కుంటుంది.

వెన్న సంగతి వేరు. కొవ్వు బొట్టు తిత్తిలో ఎక్కదు. నేరుగా పైపొర దగ్గరికి వచ్చి, ఆ పొరనే ఒంటికి చుట్టుకుని తెంపుకుని పోతుంది. అంటే గ్లాసు పాలలో ఉన్న ప్రతి కొవ్వు బొట్టూ గేదె కణపు పొరని ఒక దుప్పటిలా కప్పుకుని ఉందన్నమాట. ఆ దుప్పటి ఉన్నంతకాలం బొట్లు ఒకదాంతో ఒకటి కలవవు. కవ్వంతో చిలికితే దుప్పటి చిరుగుతుంది, బొట్లు అతుక్కుని వెన్నముద్ద పైకి తేలుతుంది. చిరిగిన పొర ముక్కల్లో ఎక్కువభాగం మజ్జిగలో మిగిలిపోతాయి.